అయాన్ ఛానళ్లు: కణత్వచం గుండా విద్యుదావేశ ప్రవాహ నియంత్రణ

లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరవాత మీరు:
• కణత్వచానికి ఇరువైపులా అయాన్ల గాఢత ఎందుకు వేరుగా ఉంటుందో, దానివల్ల శక్మం ఎలా ఏర్పడుతుందో వివరించగలుగుతారు.
• అయాన్ ఛానల్ చేసే మూడు పనులను, అంటే దారి ఇవ్వడం, ఎంపిక చేయడం, తెరచి మూయడం, గుర్తించగలుగుతారు.
• క్రియాశక్మంలో సోడియం, పొటాషియం ఛానళ్ల పాత్రను వరసగా చెప్పగలుగుతారు.
• ఎర్రతేలు విషం ఈ వ్యవస్థను ఎక్కడ దెబ్బతీస్తుందో, చికిత్స ఏ మెట్టు మీద పనిచేస్తుందో విశ్లేషించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

అలిపిరిలో పాదాల మండపం దగ్గర తెల్లవారుజామున నిలబడితే, కొండకు నడిచి వెళ్ళేవారు గుంపులు గుంపులుగా కనబడతారు. చెప్పులు విడిచి, మొదటి మెట్టుకు మొక్కి, 3,550 మెట్ల దారిలో కాలు పెడతారు. అరికాలికి రాయి చల్లగా తగిలిందని మెదడుకు తెలియాలి. తొడ కండరం బిగుసుకోవాలి. నూరు మెట్లు ఎక్కేసరికి గుండె వేగం పెరగాలి. ఈ మూడు పనులూ వేరువేరు అవయవాలు చేసేవే అయినా, మూడింటికీ ఆధారం ఒకటే: కణత్వచంలోని అతి సన్నని దారులు తెరుచుకోవడం, వాటిగుండా ఆవేశం కలిగిన అయాన్లు ప్రవహించడం, తిరిగి ఆ దారులు మూసుకోవడం. ఈ దారులనే అయాన్ ఛానళ్లు అంటారు.

కొన్నేళ్ళ కిందట మన కాంటాక్ట్ తరగతిలో ఈ పాఠం చెబుతూ ఉంటే ఒక విద్యార్థిని లేచి నిలబడింది. వాళ్ళ ఊళ్ళో ఆమె తమ్ముడు, పన్నెండేళ్ళవాడు, సాయంకాలం పశువులకు వేయడానికి వామిలోంచి శనగకట్టె లాగుతుంటే ఎర్రతేలు వేలి మీద కుట్టింది. చింతపిక్క అరగదీసి అంటించారు. మంత్రం వేసే ఆయన దగ్గరికి తీసుకుపోయారు. గంట గడిచాక మంట కొంచెం తగ్గిందన్నాడు, ఇంటిల్లపాదీ ఊపిరి పీల్చుకున్నారు. ఆ తరవాతే అసలు కష్టం మొదలైంది. ఒళ్ళంతా చెమటలు, వాంతులు, చేతులూ కాళ్ళూ చల్లబడటం, గుండె దడ. రాత్రికి రాత్రి తిరుపతికి తెచ్చి ఆసుపత్రిలో చేర్చారు, పిల్లవాడు దక్కాడు. ఆమె అడిగిన ప్రశ్న ఇది: "తేలు కుట్టింది వేలి మీద కదా సార్, చెమట ఒళ్ళంతా ఎందుకు పట్టింది? నొప్పి తగ్గినాక ప్రమాదం ఎట్లా పెరిగింది?"

ఆ రోజు పావుగంటలో నేను చెప్పిన జవాబు ఆమెకు చాలలేదు, నాకూ చాలలేదు. ఈ పాఠాన్ని ఆ రెండు ప్రశ్నలకు సావకాశంగా ఇస్తున్న జవాబుగా చదవండి. ముందు ఆరోగ్యవంతమైన కణంలో ఏం జరుగుతుందో తెలుసుకుందాం. అది తెలిస్తే విషం ఏం చేస్తుందో దానంతట అదే అర్థమవుతుంది.

2. కణత్వచం ఒక అవరోధం

కణత్వచం ప్రధానంగా ఫాస్ఫోలిపిడ్ల ద్విస్తరం. దీని మందం సుమారు 5 నానోమీటర్లు. దీని రెండు ముఖాలు నీటిని ఇష్టపడతాయి, మధ్యభాగం మాత్రం కొవ్వు స్వభావం కలది. సోడియం, పొటాషియం వంటి అయాన్లు నీటిలో ఉన్నప్పుడు వాటి చుట్టూ నీటి అణువులు గుమిగూడి ఉంటాయి. ఆ నీటి తొడుగును విడిచి కొవ్వు పొరలోకి చొరబడటానికి చాలా శక్తి కావాలి. అందువల్ల కేవలం లిపిడ్ పొర మాత్రమే ఉంటే అయాన్లు దాదాపుగా దాటలేవు.

విద్యుత్ పరిభాషలో చెప్పాలంటే, త్వచం ఒక కెపాసిటర్ లాంటిది. రెండు వైపులా ఉప్పునీరు వాహకాలు, మధ్యలో కొవ్వు పొర బంధకం. ప్రతి చదరపు సెంటీమీటరు త్వచానికి సుమారు 1 మైక్రోఫారడ్ కెపాసిటీ ఉంటుంది. పొర పలుచన కాబట్టి, కొద్దిపాటి వోల్టేజి కూడా అక్కడ బలమైన క్షేత్రాన్ని కలిగిస్తుంది. 70 మిల్లీవోల్టులను 5 నానోమీటర్లతో భాగిస్తే సెంటీమీటరుకు 1,40,000 వోల్టులు వస్తుంది. త్వచంలో పొదిగిన ప్రోటీన్లు ఈ క్షేత్రంలోనే ఉంటాయి. వోల్టేజి కొంచెం మారినా వాటి ఆకారం ఎందుకు మారగలదో ఈ లెక్క చెబుతుంది.

3. గాఢత తేడాలు, విరామశక్మం

మన శరీరంలోని ఒక నాడీకణాన్ని తీసుకుంటే, అయాన్ల గాఢతలు సుమారుగా ఇలా ఉంటాయి (లీటరుకు మిల్లీమోల్‌లలో):

పొటాషియం: లోపల 140, బయట 4
సోడియం: లోపల 12, బయట 145
స్వేచ్ఛా కాల్షియం: లోపల 0.0001, బయట 1.2

ఈ తేడాను నిలబెట్టేది సోడియం-పొటాషియం పంపు అనే ఎంజైము. ఒక ఏటీపీ అణువును ఖర్చు చేసి, మూడు సోడియం అయాన్లను బయటికి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి చేరవేస్తుంది. దీన్ని 1957లో జెన్స్ స్కౌ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త పీతల నాడుల మీద పరిశోధన చేస్తూ కనుగొన్నాడు. 1997లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

పంపుకు, ఛానల్‌కు తేడా గుర్తుంచుకోవాలంటే మన సీమలోని చెరువును తలచుకోండి. వాననీటిని కట్ట వెనక ఎత్తున నిలిపితే, తూము తెరిచినప్పుడు నీరు తనంతట తానే కాలవలోకి పారుతుంది. తూము నీటిని తోయదు, దారి మాత్రమే ఇస్తుంది. అదే నీటిని కింద నుంచి పైకి ఎక్కించాలంటే మోటారు కావాలి, కరెంటు ఖర్చవుతుంది. పంపు మోటారు వంటిది, ఛానల్ తూము వంటిది. పంపుది సక్రియా రవాణా, ఛానల్‌ది నిష్క్రియా రవాణా. వేగంలోనూ అంత తేడా ఉంది: పంపు సెకనుకు కొన్ని వందల అయాన్లను మాత్రమే మోస్తే, తెరిచిన ఛానల్ గుండా సెకనుకు కోటి దాకా అయాన్లు దాటుతాయి.

అయితే చెరువు పోలిక ఒక చోట ఆగిపోతుంది. నీటికి ఆవేశం లేదు, అయాన్లకు ఉంది. విరామ స్థితిలో త్వచంలో కొన్ని పొటాషియం ఛానళ్లు తెరిచే ఉంటాయి. లోపల గాఢత ఎక్కువ కనుక పొటాషియం బయటికి వస్తుంది. ప్రతి అయాను వెళ్తూ ఒక ధనావేశాన్ని తీసుకుపోతుంది కాబట్టి, లోపలి వైపు రుణావేశం మిగులుతుంది. ఆ రుణావేశం పొటాషియంను వెనక్కి లాగుతుంది. గాఢత తోసే బలమూ, ఆవేశం లాగే బలమూ సమానమైన చోట నికర ప్రవాహం ఆగిపోతుంది. ఆ శక్మాన్ని సమతాస్థితి శక్మం అంటారు. దీన్ని లెక్కించేది నెర్న్‌స్ట్ సమీకరణం. శరీర ఉష్ణోగ్రత వద్ద, ఒక ధనావేశం గల అయానుకు:

సమతాస్థితి శక్మం (మిల్లీవోల్టులలో) = 61.5 × లాగ్ (బయటి గాఢత ÷ లోపలి గాఢత)

పొటాషియంకు 4 ÷ 140 తీసుకుంటే సుమారు –95 మిల్లీవోల్టులు వస్తుంది. సోడియంకు 145 ÷ 12 తీసుకుంటే సుమారు +67 మిల్లీవోల్టులు వస్తుంది. నాడీకణం విరామశక్మం సుమారు –70. అది పొటాషియం విలువకు దగ్గరగా, సోడియం విలువకు దూరంగా ఉంది. దీన్నిబట్టి విరామంలో త్వచం ప్రధానంగా పొటాషియంకే దారి ఇస్తుందనీ, సోడియంకు దాదాపు మూసి ఉంటుందనీ తెలుస్తుంది. సోడియం మాత్రం గాఢత బలం, ఆవేశ బలం రెండూ కలిసి లోపలికి తోస్తుండగా తలుపు బయట వేచి ఉంటుంది.

4. ఎన్ని అయాన్లు కదిలితే చాలు?

విద్యార్థులు తరచు పొరబడే చోటు ఇది. శక్మం మారిందంటే కణంలోని అయాన్లన్నీ ఖాళీ అయిపోతాయని అనుకుంటారు. లెక్క చేసి చూద్దాం.

10 మైక్రోమీటర్ల వ్యాసార్ధం గల గోళాకార కణాన్ని తీసుకోండి. దాని ఉపరితల వైశాల్యం సుమారు 1,257 చదరపు మైక్రోమీటర్లు. శక్మాన్ని 100 మిల్లీవోల్టులు మార్చడానికి, పైన చెప్పిన కెపాసిటీ ప్రకారం, ఒక్కో చదరపు మైక్రోమీటరుకు సుమారు 6,200 అయాన్లు దాటాలి. అంటే కణం మొత్తానికి సుమారు 78 లక్షల అయాన్లు. అదే కణంలో ఉన్న పొటాషియం అయాన్లు సుమారు 35,000 కోట్లు. అంటే సుమారు 45,000 అయాన్లలో ఒక్కటి కదిలితే చాలు. గాఢతలు మారవు, శక్మం మాత్రం తలకిందులవుతుంది.

ఇంకొక లెక్క. ఒక ఛానల్ వాహకత 20 పికోసీమన్లు, దాని మీద పనిచేసే చోదక శక్మం 100 మిల్లీవోల్టులు అనుకుంటే, దాని గుండా 2 పికోఆంపియర్ల కరెంటు పారుతుంది. దీన్ని ఒక అయాను ఆవేశంతో భాగిస్తే సెకనుకు కోటీ పాతిక లక్షల అయాన్లు. ఛానల్ ఒక మిల్లీసెకను తెరిచి ఉంటే 12,500 అయాన్లు దాటుతాయి. కాబట్టి ఛానల్ ఎంతసేపు తెరిచి ఉందన్నదే అసలు విషయం. ఈ మాట గుర్తుంచుకోండి, తేలు దగ్గరికి వచ్చినప్పుడు పనికి వస్తుంది.

ఒక్క ఛానల్ గుండా పారే ఇంత చిన్న కరెంటును కొలవడం ఎర్విన్ నేహర్, బెర్ట్ సాక్‌మన్ 1976లో సాధించారు. సన్నని గాజు గొట్టం కొసను కప్ప కండర కణం మీద ఆనించి, ఆ కొస కింద ఉన్న త్వచం ముక్కలోని కరెంటును నమోదు చేశారు. దీనిని పాచ్ క్లాంప్ పద్ధతి అంటారు. ఆ రికార్డులో కరెంటు మెట్టులాగా ఒక్కసారిగా లేచి, ఒక్కసారిగా దిగుతుంది. ఛానల్ నిజంగానే తెరుచుకుని మూసుకుంటుందనడానికి అదే ప్రత్యక్ష సాక్ష్యం. 1991లో వారిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

5. ఛానల్ చేసే మూడు పనులు

(అ) దారి ఇవ్వడం: ఛానల్ అనేది త్వచాన్ని ఈ వైపు నుంచి ఆ వైపుకు దాటి ఉన్న ప్రోటీన్. దాని నడుమ నీటితో నిండిన రంధ్రం ఉంటుంది. పొటాషియం ఛానల్ నాలుగు ఉపప్రమాణాలు వృత్తంలా కూడి ఏర్పడుతుంది. నాడీకణపు సోడియం ఛానల్‌లో ఒకే పొడవాటి గొలుసు నాలుగు భాగాలుగా మడతపడి అదే అమరికను ఇస్తుంది.

(ఆ) ఎంపిక చేయడం: పొటాషియం అయాను వ్యాసార్ధం 1.33 ఆంగ్‌స్ట్రామ్‌లు, సోడియంది 0.95. పెద్దదాన్ని పోనిచ్చి చిన్నదాన్ని ఆపడం ఎలా సాధ్యం? దీనికి జవాబు 1998లో రోడెరిక్ మెకిన్నన్ బృందం మట్టిలో నివసించే ఒక బ్యాక్టీరియా పొటాషియం ఛానల్ నిర్మాణాన్ని ఎక్స్‌కిరణాలతో ఛేదించినప్పుడు దొరికింది. ఛానల్ ఇరుకు భాగంలో ఆక్సిజన్ పరమాణువులు వరసగా, సరిగ్గా పొటాషియం చుట్టూ ఉండే నీటి అణువుల దూరంలోనే అమరి ఉన్నాయి. పొటాషియం తన నీటి తొడుగును వదిలినా, ఆ ఆక్సిజన్‌లు అంతే ఆదరువును ఇస్తాయి. సోడియం చిన్నది కనుక అన్ని ఆక్సిజన్‌లనూ ఒకేసారి అందుకోలేదు. దానికి నీటిని వదలడం నష్టమే. అందుకని రాదు. మెకిన్నన్‌కు 2003లో నోబెల్ బహుమతి లభించింది.

(ఇ) తెరచి మూయడం: ఎల్లవేళలా తెరిచి ఉండే దారి వల్ల సంకేతం పుట్టదు. ఛానళ్లకు గేట్లు ఉంటాయి. వాటిని తెరిచే కారణాన్నిబట్టి ఛానళ్లను ప్రధానంగా మూడు రకాలుగా చెప్పుకోవచ్చు.

వోల్టేజి నియంత్రిత ఛానళ్లు: వీటిలో ధనావేశం గల అమైనో ఆమ్లాలు ప్రతి మూడో స్థానంలో ఉండే ఒక సర్పిలం ఉంటుంది. త్వచం లోపలి రుణత్వం తగ్గగానే అది బయటి వైపు జరుగుతుంది, దానితో గేటు తెరుచుకుంటుంది.

రసాయన నియంత్రిత ఛానళ్లు: ఒక అణువు వచ్చి అతుక్కుంటే తెరుచుకుంటాయి. నాడి కండరాన్ని కలిసే చోట ఎసిటైల్‌కోలిన్‌తో తెరుచుకునే ఛానల్ దీనికి ఉదాహరణ.

ఉష్ణ, యాంత్రిక ప్రేరణతో తెరుచుకునే ఛానళ్లు: సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి తెరుచుకునే ఒక ఛానల్‌ను డేవిడ్ జూలియస్ బృందం 1997లో గుర్తించింది. మిరపకాయలోని కాప్సైసిన్ కూడా ఇదే ఛానల్‌ను తెరుస్తుంది. ఎండుమిరప కారంతో ముద్ద కలిపి తిన్నప్పుడు నోరు "కాలింది" అంటాం కదా, నాడీకణం దృష్టిలో అది అలంకారం కాదు. వేడికీ కారానికీ అక్కడ తలుపు ఒకటే. జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి లభించింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
1. పంపు, ఛానల్ మధ్య రెండు తేడాలు రాయండి.
2. బయటి పొటాషియం గాఢత 4 నుంచి 8కి పెరిగితే పొటాషియం సమతాస్థితి శక్మం ఎంత అవుతుంది? (సూచన: లోపల 140 గానే ఉంచండి. జవాబు సుమారు –76 మిల్లీవోల్టులు రావాలి.)

6. క్రియాశక్మం: వరసగా జరిగేది

స్క్విడ్ అనే సముద్ర జీవికి ఉన్న లావుపాటి ఆక్సాన్ మీద ప్రయోగాలు చేసి, అలన్ హాడ్జ్‌కిన్, ఆండ్రూ హక్స్‌లీ 1952లో క్రియాశక్మాన్ని గణిత సమీకరణాలతో వివరించారు. 1963లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. వారు చెప్పిన క్రమాన్ని ఇలా గుర్తుంచుకోండి.

మొదటి దశ: ఏదో ఒక ప్రేరణ వల్ల త్వచ శక్మం –70 నుంచి సుమారు –55 దాకా వస్తుంది. ఇది అవధి.

రెండవ దశ: సోడియం ఛానళ్లు తెరుచుకుంటాయి. సోడియం లోపలికి దూకుతుంది. లోపల ధనత్వం పెరిగేకొద్దీ పక్కనున్న మరిన్ని ఛానళ్లు తెరుచుకుంటాయి. మిల్లీసెకను లోపే శక్మం +30 దాకా పోతుంది. దీన్ని విధ్రువణం అంటారు.

మూడవ దశ: తెరుచుకున్న సోడియం ఛానల్ దాదాపు ఒక మిల్లీసెకనులో తనంతట తానే మూతపడుతుంది. ఛానల్ లోపలి వైపు ఉన్న ఒక చిన్న ప్రోటీన్ ఉచ్చు వచ్చి రంధ్రాన్ని బిరడాలాగా మూస్తుంది. దీన్ని నిష్క్రియీకరణ అంటారు. త్వచం మళ్ళీ విరామానికి వచ్చేదాకా ఆ బిరడా తొలగదు.

నాలుగవ దశ: కొంచెం ఆలస్యంగా తెరుచుకున్న పొటాషియం ఛానళ్ల గుండా పొటాషియం బయటికి వెళ్ళి, శక్మాన్ని తిరిగి రుణ విలువకు తెస్తుంది. దీన్ని పునఃధ్రువణం అంటారు.

ఈ నాలుగింటిలో మూడవ దశ ముఖ్యత్వాన్ని చాలామంది గమనించరు. సంకేతం పుట్టడానికి తలుపు తెరుచుకోవడం ఎంత అవసరమో, సంకేతం ముగియడానికి మూసుకోవడమూ అంతే అవసరం. "తేలుకు పెత్తనమిస్తే తెల్లవార్లూ కుట్టిందట" అని మన సామెత. సోడియం ఛానల్‌కు అడ్డూ ఆపూ లేకపోతే నాడి చేసే పని కూడా సరిగ్గా అదే.

7. ఎర్రతేలు విషం ఏం చేస్తుంది?

మన ప్రాంతంలో రాళ్ళ కింద, కట్టెల మోపుల్లో, పాత గోడల నెర్రెల్లో, గడ్డివాముల్లో పగలు దాక్కుని రాత్రి తిరిగే చిన్న ఎర్రతేలు శాస్త్రీయ నామం హొటెంటొట్టా టామ్యులస్. పాత పుస్తకాల్లో దీన్ని బ్యూథస్ టామ్యులస్ లేదా మీసోబ్యూథస్ టామ్యులస్ అని రాశారు. చూడటానికి భయంగొలిపే పెద్ద నల్ల మండ్రగబ్బ కుడితే నొప్పి ఉన్నా ప్రాణాపాయం అరుదు. ప్రాణం మీదికి తెచ్చేది ఈ చిన్నదే.

దీని విషం ఒకే పదార్థం కాదు, చిన్న చిన్న ప్రోటీన్ల మిశ్రమం. వాటిలో రెండు తరగతులు మనకు ముఖ్యం.

మొదటిది, సోడియం ఛానల్ మీద పనిచేసే విషపదార్థాలు. ఇవి ఛానల్‌లోని వోల్టేజి గ్రాహకానికి బయటి నుంచి అతుక్కుని, అది పూర్తిగా జరగకుండా పట్టుకుంటాయి. దానివల్ల మూడవ దశలోని బిరడా సకాలంలో పడదు. మిల్లీసెకనులో మూసుకోవలసిన దారి తెరిచే ఉంటుంది. సోడియం పారుతూనే ఉంటుంది, నాడి మళ్ళీ మళ్ళీ సంకేతం పంపుతూనే ఉంటుంది.

రెండవది, పొటాషియం ఛానళ్లను మూసే విషపదార్థాలు. ఈ ఎర్రతేలు విషం నుంచే 1990లో ఐబీరియోటాక్సిన్ అనే 37 అమైనో ఆమ్లాల ప్రోటీన్‌ను వేరుచేశారు. అది కాల్షియం వల్ల తెరుచుకునే ఒక రకం పెద్ద పొటాషియం ఛానల్ నోట్లో మూతలాగా కూర్చుంటుంది. ఈ ఛానల్ నాడి కొసలో నాలుగవ దశకు తోడ్పడేది. అది మూతపడితే విధ్రువణం ముగియడం ఆలస్యమవుతుంది, కాల్షియం ఎక్కువ చొరబడుతుంది, నాడి కొస నుంచి ఎక్కువ రసాయన వాహకం విడుదలవుతుంది. ఈ పదార్థాన్ని పరిశోధనశాలల్లో ఆ ఛానల్‌ను గుర్తించే సాధనంగా నేటికీ వాడుతున్నారు.

గమనించండి: ఒకటి తెరిచిన తలుపును మూయనివ్వదు, మరొకటి తెరవవలసిన తలుపును తెరవనివ్వదు. పనులు ఎదురెదురుగా కనబడినా ఫలితం ఒకే దిశలో ఉంటుంది. నాడి చల్లారదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు. కుట్టినచోట మంట అక్కడి నొప్పి నాడుల సంగతి. కానీ విషం రక్తంలో కలిసి దేహమంతటా ఉన్న స్వయంచోదిత నాడుల కొసలను చేరుతుంది. వాటిలోనూ అవే ఛానళ్లు ఉన్నాయి. ఎసిటైల్‌కోలిన్ విడుదల చేసే నాడులు రెచ్చిపోతే వాంతులు, లాలాజలం, ఒళ్ళంతా చెమట. స్వేదగ్రంథులకు పోయే నాడులు సహానుభూత వ్యవస్థకు చెందినవే అయినా, అవి విడుదల చేసేది ఎసిటైల్‌కోలిన్ అని మీరు ఇంతకు ముందు చదివే ఉంటారు. ఇక నార్అడ్రినలిన్ విడుదల చేసే నాడులు, అడ్రినల్ గ్రంథి రెచ్చిపోతే రక్తనాళాలు ముడుచుకుంటాయి. చేతులూ కాళ్ళూ చల్లబడతాయి, రక్తపోటు పెరుగుతుంది, గుండె మీద భారం పడుతుంది. తీవ్రమైన సందర్భాల్లో ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణాపాయం కలుగుతుంది.

రెండవ ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. వేలి నొప్పీ, దేహమంతటా రేగే అలజడీ రెండు వేర్వేరు నాడీ సమూహాల పని. మొదటిది వెంటనే మొదలవుతుంది, రెండవది విషం వ్యాపించాక వస్తుంది. కాబట్టి నొప్పి తగ్గడం ప్రమాదం తగ్గిందనడానికి గుర్తు కాదు. పిల్లల విషయంలో భయం ఇంకా ఎక్కువ. తేలు ఎక్కించే విషం మోతాదు పెద్దవారికైనా పిల్లలకైనా ఒకటే, పిల్లల దేహం చిన్నది.

8. చికిత్స ఏ మెట్టు మీద పనిచేస్తుంది?

కుట్టిన చోట వైద్యులు లిగ్నోకైన్ మత్తుమందు ఇస్తారు. ఈ అణువు త్వచం గుండా లోపలికి చేరి, సోడియం ఛానల్ రంధ్రాన్ని లోపలి వైపు నుంచి అడ్డుకుంటుంది. విషం మూయనివ్వని తలుపును మందు అడ్డంపడి మూస్తుందన్న మాట. నొప్పి తగ్గుతుంది. మరి దేహమంతటా అదే మందు ఎక్కువగా ఎక్కించి అలజడిని ఆపరాదా? ఆపరాదు. గుండె కొట్టుకోవడానికీ, మెదడు పనిచేయడానికీ అవే ఛానళ్లు కావాలి. అన్నిటినీ మూస్తే విషం కంటె మందే ముందు ప్రాణం తీస్తుంది.

అందువల్ల ఛానల్ దగ్గర కాక, రెండు మెట్లు కింద అడ్డుకట్ట వేసే మార్గాన్ని మహారాష్ట్రలోని మహాడ్‌లో వైద్యం చేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ముందుకు తెచ్చారు. 1980లలో ఆయన, రక్తపోటు తగ్గించే ప్రజోసిన్ మాత్రను తేలు కుట్టినవారికి వాడి చూశారు. ప్రజోసిన్ ఏ అయాన్ ఛానల్‌నూ తాకదు. రక్తనాళాల మీద నార్అడ్రినలిన్ అతుక్కునే ఆల్ఫా-1 గ్రాహకాలను అడ్డుకుంటుంది. నాడి కేకలు పెడుతూనే ఉంటుంది, రక్తనాళం వినిపించుకోదు. నాళాలు సడలి గుండెకు ఊపిరి సలుపుతుంది. తీవ్రంగా జబ్బుపడినవారిలో 30 శాతం దాకా ఉండిన మరణాలు ఈ చికిత్స తరవాత కొద్ది శాతానికి పడిపోయాయని ఆయన నివేదించారు. 2011లో ప్రచురించిన అధ్యయనంలో ప్రజోసిన్‌తో పాటు తేలు విష విరుగుడు సీరం కూడా ఇస్తే రోగులు మరింత త్వరగా కోలుకుంటారని చూపారు. 2022లో ఆయనకు పద్మశ్రీ లభించింది.

సీరం పని వేరు. అందులోని ప్రతిరక్షకాలు రక్తంలో తిరుగుతున్న విషాన్ని పట్టుకుంటాయి. అప్పటికే నాడుల్లో జరిగిపోయిన పనిని, విడుదలైన నార్అడ్రినలిన్‌ను అవి వెనక్కి తీసుకోలేవు. అందుకే సమయం విలువ. కోయడం, కట్టు బిగించడం, మంత్రం కోసం తిరగడం ఇవేవీ విషాన్ని ఆపవు. ఉన్న సమయాన్ని మాత్రం తినేస్తాయి. తేలు కుట్టిన పిల్లవాడికి నొప్పి ఉన్నా లేకున్నా, చెమటలు, వాంతులు, చల్లబడిన చేతులు కనబడితే ఒక్క నిమిషం కూడా ఇంటి దగ్గర ఉంచకూడదు. ప్రజోసిన్ కూడా ఇంట్లో వేసుకునే మందు కాదు. రక్తపోటు ఒక్కసారిగా పడిపోయే అవకాశం ఉన్నందున వైద్యుల పర్యవేక్షణలోనే ఇస్తారు.

9. పోల్చి చూడండి: తెరుచుకోని తలుపు

నాగుపాము విషంలోని నాడీవిషాలు దీనికి సరిగ్గా వ్యతిరేకం. అవి కండరం మీద ఉన్న ఎసిటైల్‌కోలిన్ ఛానల్‌కు అతుక్కుని, ఎసిటైల్‌కోలిన్‌ను దగ్గరికి రానివ్వవు. ఛానల్ తెరుచుకోదు, కండరంలోకి ధనావేశం ప్రవహించదు. కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, చివరికి ఊపిరి తీసే కండరాలు ఆగిపోతాయి. తేలు విషంలో ఆవేశ ప్రవాహం ఆగదు, పాము విషంలో మొదలవదు. రెండింటికీ లక్ష్యం ఛానలే.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
1. నిష్క్రియీకరణ అంటే ఏమిటి? అది జరగకపోతే ఏమవుతుంది?
2. సోడియం ఛానల్‌ను తెరిచి ఉంచే విషం, పొటాషియం ఛానల్‌ను మూసే విషం ఒకే ఫలితాన్ని ఎందుకు ఇస్తాయి?
3. లిగ్నోకైన్, ప్రజోసిన్ పనిచేసే స్థానాలను పోల్చండి.

10. సారాంశం

కణత్వచంలోని కొవ్వు పొర అయాన్లను ఆపుతుంది. పంపు శక్తిని ఖర్చు చేసి గాఢత తేడాలను నిలబెడుతుంది. ఛానళ్లు ఆ తేడాలను వాడుకుని, ఎంపిక చేసిన అయాన్లను నిర్ణీత సమయం మాత్రమే దాటనిస్తాయి. కొద్ది అయాన్ల కదలికతోనే శక్మం మారుతుంది కనుక, ఛానల్ ఎప్పుడు తెరుచుకుంటుంది, ఎంతసేపు తెరిచి ఉంటుంది అన్నవే సంకేతాన్ని నిర్ణయిస్తాయి. ఎర్రతేలు విషం ఛానళ్లు తెరిచి ఉండే సమయాన్ని మార్చి నాడీ వ్యవస్థను అదుపు తప్పిస్తుంది.

ఆ విద్యార్థిని ఇప్పుడు ఏ ఊళ్ళో ఉందో, ఏం చేస్తోందో నాకు తెలియదు. ఆమె ప్రశ్న మాత్రం ఈ పాఠంలో ఉండిపోయింది. మీ ఊళ్ళో ఎవరికైనా తేలు కుట్టినప్పుడు "నొప్పి తగ్గింది కదా, ఇక ఫరవాలేదు" అనే మాట వినబడితే, డిగ్రీ చదువుతున్న మీరు అక్కడ మౌనంగా ఉండకండి. మూసుకోని తలుపు సంగతి వాళ్ళకు అర్థమయ్యే మాటల్లో చెప్పి, ముందు బండి కట్టించండి.

పారిభాషిక పదాలు

విరామశక్మం: సంకేతం లేని స్థితిలో త్వచానికి ఇరువైపులా ఉండే శక్మ భేదం.
క్రియాశక్మం: నాడి లేదా కండర త్వచంలో శక్మం క్షణకాలం తలకిందులై తిరిగి యథాస్థితికి రావడం.
విధ్రువణం: త్వచం లోపలి రుణత్వం తగ్గడం.
నిష్క్రియీకరణ: తెరుచుకున్న ఛానల్ ప్రేరణ కొనసాగుతున్నా మూతపడటం.
చోదక శక్మం: త్వచ శక్మానికీ, ఒక అయాను సమతాస్థితి శక్మానికీ మధ్య తేడా.

నమూనా పరీక్షా ప్రశ్నలు

వ్యాసరూప ప్రశ్నలు
1. అయాన్ ఛానళ్ల నిర్మాణాన్ని, అవి చేసే మూడు పనులను ఉదాహరణలతో వివరించండి.
2. క్రియాశక్మంలోని దశలను వివరించి, ఎర్రతేలు విషం ఏయే దశలను దెబ్బతీస్తుందో చర్చించండి.

లఘు ప్రశ్నలు
1. నెర్న్‌స్ట్ సమీకరణం
2. పొటాషియం ఛానల్ ఎంపిక విధానం
3. పాచ్ క్లాంప్ పద్ధతి
4. తేలు విషానికి, నాగుపాము విషానికి ఛానళ్లపై ప్రభావంలో తేడా